మంచుకొండల్లో ఇద్దరి పెళ్లి: చోటు, నెల, పద్ధతి ఎలా ఎంచుకోవాలి?

తెలుగులో ‘లేచిపోవడం’ అనగానే అందులో ఒక నింద వినిపిస్తుంది. ఇంగ్లీషువారి ఎలోప్‌మెంట్ అన్న మాటకూ ఒకప్పుడు అదే నింద ఉండేది. 1754లో ఇంగ్లండులో హార్డ్‌విక్ వివాహ చట్టం అమల్లోకి వచ్చాక, తల్లిదండ్రుల అనుమతి దొరకని 21 ఏళ్ల లోపు వారు సరిహద్దు దాటి స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కు వెళ్లి పెళ్లి చేసుకునేవారు. ఇప్పుడు ఆ మాటకు అర్థం మారింది. అతిథుల జాబితాను, మండపాన్ని, విందును పక్కన పెట్టి, ఇద్దరే, లేదా ఇద్దరితో పాటు ఒకరిద్దరు సాక్షులూ ఒక ఫొటోగ్రాఫరూ, తమకు నచ్చిన చోట నిలబడి పెళ్లి ప్రమాణాలు చెప్పుకోవడాన్నే నేడు ఆ పేరుతో పిలుస్తున్నారు. అందువల్ల ఈ వ్యాసంలో దానిని ‘ఏకాంత వివాహం’ అంటాను. చలికాలంలో, కొండల మీద ఇలాంటి పెళ్లి చేసుకోదలచిన వారి ముందు ఉండే దారులను పోల్చి, ఏది ఎవరికి తగినదో చెప్పడం ఇక్కడి పని.

సాధారణంగా జంటలు ముందుగా ఒక ఫొటోను చూసి మనసు పారేసుకుంటారు, ఆ తర్వాత ఆ చోటికి ఎలా వెళ్లాలో ఆలోచిస్తారు. చలికాలపు పెళ్లికి ఈ వరుస తలకిందులు కావాలని నా అభిప్రాయం. కెనడాలోని మొరైన్ సరస్సు నీలి నీళ్ల ఫొటోలు అందరూ చూసినవే. కానీ ఆ సరస్సుకు వెళ్లే రోడ్డును దాదాపు అక్టోబరు మధ్య నుంచి మే నెలాఖరు దాకా వాహనాలకు మూసివేస్తారు, పైగా అంత చలిలో ఆ నీలి నీళ్లు మంచు కింద ఉంటాయి. కొలరాడోలో 3,713 మీటర్ల ఎత్తు దాకా ఎక్కే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డుదీ, ఇటలీలో 2,757 మీటర్ల ఎత్తున ఉన్న స్టెల్వియో కనుమదీ అదే కథ. కాబట్టి ‘ఏ దృశ్యం అందంగా ఉంది’ అన్న ప్రశ్న కంటే ముందు ‘చలికాలంలో అక్కడికి ఎలా చేరతాం, ఎలా తిరిగి వస్తాం, అక్కడ గ్లవ్స్ తీసి పది నిమిషాలు నిలబడగలమా’ అన్న ప్రశ్న వేసుకోవాలి. ప్రమాణాలు చెప్పడం, ఉంగరాలు మార్చుకోవడం, సంతకాలు పెట్టడం అన్నీ వట్టి చేతులతో జరగవలసిన పనులే.

చేరుకునే పద్ధతిని బట్టి చూస్తే ఎంపికలు నాలుగు. మొదటిది లోయలోని ఊరి అంచు లేదా బసకు ఆనుకుని ఉన్న మంచుమైదానం. రెండవది కేబుల్ కారు మీదో, పట్టాల నడుమ పళ్ల పట్టాను పట్టుకుని నిటారు వాలు ఎక్కే పళ్ల పట్టాల రైలు మీదో వెళ్లగలిగే ఎత్తైన చోటు. మూడవది స్నోషూలు, అంటే మంచులో కాళ్లు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, కట్టుకుని నడిచి చేరే సరస్సో అడవిలోని ఖాళీ చోటో. నాలుగవది హెలికాప్టర్ దిగే శిఖరం. ఖర్చు ఈ వరుసలోనే పెరుగుతుందని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే మూడవదానిలో వాహనం ఖర్చు లేకపోయినా, తెలిసిన గైడును వెంట తీసుకువెళ్లకుండా ఆ పని చేయకూడదు.

లోయ అంచు చోటును చాలామంది చిన్నచూపు చూస్తారు. కొండ ఎక్కకపోతే కొండ మీద పెళ్లి ఎలా అవుతుందని వారి వాదన. నిజానికి శిఖరం మీద నిలబడితే ఆ శిఖరం ఫొటోలో కనబడదు. కింద నుంచి చూసినప్పుడే అది పూర్తి ఆకారంతో వెనుక నిలుస్తుంది. బస గది నుంచి అయిదు నిమిషాల నడక దూరంలో పెళ్లి జరిగితే, చలి పట్టలేనప్పుడు లోపలికి వెళ్లి వేడెక్కి మళ్లీ రావచ్చు, ముసలి తల్లిదండ్రులు ఒకరిద్దరు వచ్చినా ఇబ్బంది ఉండదు, వాతావరణం తిరగబడితే రెండు గంటలు ఆగి చూడవచ్చు. ఒకే ఒక చిక్కు ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందన్న లెక్క చలికాలపు లోయల్లో తరచు తప్పుతుంది. గాలి కదలని స్పష్టమైన రాత్రుల్లో బరువైన చల్లగాలి వాలుల మీదుగా దిగి లోయ అడుగున పేరుకుంటుంది. ఉదయానికి లోయలో గడ్డకట్టే పొగమంచు, దాని మీద వెయ్యి మీటర్ల ఎత్తున నిర్మలమైన ఎండ. అలాంటి రోజున కింద ఉన్నవారికే ఎక్కువ చలి, కొండ మచ్చుకైనా కనబడదు. లోయను ఎంచుకునేవారు ఆ ప్రాంతంలో పొగమంచు ఎన్ని గంటలకు విడుతుందో స్థానికులను అడిగి తెలుసుకుని ముహూర్తం పెట్టుకోవాలి.

రెండవ పద్ధతి నా దృష్టిలో ఎక్కువమందికి తగినది, అయితే ఎత్తు విషయంలో అత్యాశ పనికిరాదు. స్విట్జర్లండులోని జెర్మాట్‌ను దీనికి మంచి నమూనాగా చూపవచ్చు. 1,600 మీటర్లకు కాస్త పైన ఉన్న ఆ ఊరికి పెట్రోలు కార్లను రానివ్వరు, టేష్ నుంచి రైలులో వెళ్లాలి. అక్కడి నుంచి 1898లో మొదలైన పళ్ల పట్టాల రైలు అరగంట పైచిలుకు సమయంలో 3,089 మీటర్ల ఎత్తున ఉన్న గోర్నర్‌గ్రాట్‌కు చేరుస్తుంది, ఎదురుగా 4,478 మీటర్ల మాటర్‌హార్న్ నిలబడి ఉంటుంది. మంచు కురిసే రోజుల్లో కూడా ఎక్కువగా నడిచేది రైలే. కేబుల్ కారు అలా కాదు. ఈదురుగాలి వీస్తే దానిని ఆపేస్తారు, పైన ఎండ కాస్తున్నా సరే. ఫ్రాన్స్‌లో షామొనీ నుంచి ఎగుయీ ద్యు మిదీకి వెళ్లే కేబుల్ కారు 1,035 మీటర్ల నుంచి 3,777 మీటర్లకు దాదాపు ఇరవై నిమిషాల్లో తీసుకువెళుతుంది. అదొక అద్భుతమే. కానీ అంత ఎత్తులో సముద్రమట్టంతో పోలిస్తే ఆక్సిజన్ మూడింట రెండు వంతులకు తక్కువే ఉంటుంది, శరీరానికి అలవాటు పడే వ్యవధి ఉండదు. ఎత్తు వల్ల కలిగే తలనొప్పి, వికారం సుమారు 2,500 మీటర్ల నుంచి మొదలు కావచ్చు. పెళ్లికూతురు ప్రమాణాలు చెబుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగడం భావోద్వేగం వల్లనే కాకపోవచ్చు. అందువల్ల కేబుల్ కారును ఎంచుకునేవారు దాని చివరి స్టేషను కంటే 1,800 నుంచి 2,300 మీటర్ల మధ్యనున్న నడిమి స్టేషనును చూడటం మంచిది. అక్కడ చాలా చోట్ల చెట్లు ఇంకా ఉంటాయి, గాలికి అడ్డు దొరుకుతుంది, తరచు చిన్న విశ్రాంతి గది కూడా ఉంటుంది. ఇక తిరుగు ప్రయాణానికి చివరి బండి ఎన్ని గంటలకో టికెట్టు వెనక రాసి ఉన్నా చదవనివారు చాలామంది ఉంటారు. చలికాలంలో అది సాయంత్రం నాలుగింటికే కావచ్చు.

గాలి గురించి ఒక లెక్క చెబితే ఈ సలహాకు కారణం తెలుస్తుంది. ఉష్ణోగ్రత సున్నాకు 10 డిగ్రీలు తక్కువగా ఉండి, గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తే, బయటపడిన చర్మానికి అది సున్నాకు సుమారు 20 డిగ్రీలు తక్కువ ఉన్నట్టు తాకుతుంది. వాతావరణ సూచనలో జంటలు చూసేది మొదటి అంకెను, వారి వేళ్లు అనుభవించేది రెండవదానిని. కాబట్టి రెండు చోట్ల మధ్య తేల్చుకోలేకపోతున్నప్పుడు, ఎత్తు తక్కువ ఉన్నదానిని కాదు, గాలికి చాటు ఉన్నదానిని ఎంచుకోవాలి. చెట్ల అంచునో పెద్ద బండరాయి పక్కనో ఇరవై అడుగులు జరిగితే చాలు, పెళ్లి సాఫీగా జరిగే రోజుకూ మాటలు వణికే రోజుకూ మధ్య తేడా అక్కడే తేలుతుంది.

మూడవ పద్ధతి, అంటే నడిచి వెళ్లడం, అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే తేలికగా అంచనా తప్పేది. వేసవిలో గంట పట్టే దారికి కొత్తగా కురిసిన మంచులో రెండు గంటలు పట్టవచ్చు. స్నోషూలతో అలవాటు లేనివారు గంటకు రెండు కిలోమీటర్లకు మించి నడవగలమని అనుకోకూడదు. పైకి నడిచేటప్పుడు చెమట పడుతుంది, ఆగగానే ఆ తడి బట్టలే మంచులా మారతాయి. అందుకని పెళ్లి బట్టలను సంచిలో మోసుకెళ్లి, చేరాక లోపలి పొర మార్చుకున్న తర్వాతే వేసుకోవాలి. నూలు లోదుస్తులు తడిస్తే ఆరవు, ఉన్నివి తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటాయి.

ఈ పద్ధతిలో అసలు ప్రమాదం మంచుచరియలు. అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద విరుగుతాయి, కానీ వాలు కింద సమతలంగా ఉన్న చోట నిలబడ్డవారిని కూడా ముంచుతాయి. సరస్సు ఒడ్డున నిలబడి వెనుక కొండ ఎంత అందంగా లేచి ఉందో చూసి మురిసేవారు, ఆ వాలు మీది మంచు ఎక్కడికి దిగుతుందో కూడా ఒకసారి చూడాలి. ప్రమాదాన్ని ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ 1 నుంచి 5 వరకు అంకెలతో ప్రకటిస్తారు. స్విట్జర్లండులో దావోస్‌లోని మంచుచరియల పరిశోధన సంస్థ చలికాలంలో సాయంత్రం 5 గంటలకూ ఉదయం 8 గంటలకూ ఆ నివేదికను ఇస్తుంది. అయిదుకు మూడు అంటే సగమే కదా అని తేలికగా తీసుకోవద్దు, ప్రాణనష్టంలో పెద్ద భాగం మూడవ స్థాయి ప్రకటించిన రోజుల్లోనే జరుగుతోంది. 3 ఉన్న రోజున వాలుల కిందికి వెళ్లకుండా, ముందే అనుకున్న రెండవ చోటికి మారడమే నియమంగా పెట్టుకోవాలి. గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లాలనుకుంటే, నడిచేవారికి కనీసం 10 సెంటీమీటర్ల గట్టి, పారదర్శకమైన మంచు అవసరమన్నది సాధారణంగా పాటించే కొలత. తెల్లగా, బుడగలతో ఉన్న మంచుకు బలం అందులో దాదాపు సగమే కనుక రెట్టింపు మందం కావాలి. వాగు చేరే చోట, బయటికి పారే చోట మంచు పలచగానే ఉంటుంది. ఇదివరకు చలికాలంలో కొండల్లో నడిచిన అలవాటు ఇద్దరిలో ఎవరికీ లేకపోతే, తొలి నడకను పెళ్లిరోజునే పెట్టుకోవద్దని నా గట్టి సలహా.

హెలికాప్టర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మబ్బు దిగితే అది ఎగరదు, దిగిన చోట ఉండనిచ్చే సమయం కూడా తక్కువ. రెండవ ప్రత్యామ్నాయపు చోటు కూడా మొదటిదానంత నచ్చి ఉన్నప్పుడే హెలికాప్టరుకు డబ్బు కట్టాలి. లేకపోతే వారమంతా ఆకాశం వంక చూస్తూ గడుస్తుంది.

ఇక నెల సంగతి. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21, 22 తేదీలలో పగలు అతి తక్కువ. ఆల్ప్స్ ఉన్న అక్షాంశాల్లో అది సుమారు ఎనిమిదిన్నర గంటలు. ఫిబ్రవరి నెలాఖరుకు అదే పదకొండు గంటలకు చేరుతుంది. డిసెంబరు మొదటి రోజుల్లో మంచు ఇంకా సరిగా నిలవకపోవచ్చు, కొన్ని కేబుల్ కార్లు మరమ్మతులకు మూసి ఉంటాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, ఆ తర్వాత ఫిబ్రవరిలో పాఠశాలల సెలవుల వారాల్లో, రద్దీ వల్ల ఏకాంతం అన్న మాటకే అర్థం ఉండదు. జనవరి రెండవ, మూడవ వారాలు ప్రశాంతంగా ఉంటాయి కానీ చలి గట్టిగా ఉంటుంది. మార్చి మొదటి సగంలో మంచు మందం చాలా చోట్ల ఎక్కువగానే ఉంటుంది, పగలు పెద్దది, ఎండలో కూర్చోవచ్చు. నష్టమల్లా, మధ్యాహ్నం ఎండకు మంచు మెత్తబడి, తడి మంచుచరియల ముప్పు పెరగడం, కింది ఊళ్లలో రోడ్ల పక్కన బురద కనిపించడం. చెట్ల కొమ్మల మీద మంచు నిలిచిన దృశ్యమే ముఖ్యమనుకునేవారికి జనవరి, ఒంటికి సుఖమూ వెలుగూ ముఖ్యమనుకునేవారికి మార్చి ఆరంభం. నేనైతే మార్చినే ఎంచుకుంటాను. దక్షిణార్ధగోళంలో, అంటే న్యూజీలండులోని క్వీన్స్‌టౌన్ వంటి చోట, ఈ నెలలన్నీ తిరగబడి చలికాలం జూన్ నుంచి ఆగస్టు వరకు వస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

రోజులో ఏ గంట అన్న ప్రశ్నకు సూర్యాస్తమయం అని వెంటనే జవాబిస్తారు. అయితే వాతావరణ శాఖ చెప్పే సూర్యాస్తమయం సమతల దిగంతానికి వేసిన లెక్క; ఇరుకు లోయలో సూర్యుడు శిఖరం వెనక్కి గంటో రెండు గంటలో ముందే జారుకుంటాడు, ఆ నీడ పడిన నిమిషంలోనే ఉష్ణోగ్రత పడిపోవడం చెంపకు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నపు మంచు కళ్లు చికిలించేలా మెరుస్తుంది. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది, ఎత్తు ప్రతి 1,000 మీటర్లకూ ఆ కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది, అందుకని మేకప్ కింద సన్‌స్క్రీన్, ఫొటోల మధ్య విరామంలో నల్లకళ్లద్దాలు తప్పనిసరి. తెల్లవారుజాము వెలుగు అందమైనదే, జనం ఉండరు. కానీ రాత్రంతా పేరుకున్న చలి అంతా ఆ గంటలోనే ఉంటుంది, సిద్ధం కావడానికి మూడింటికి లేవాలి. కొండనీడ పడటానికి రెండు గంటల ముందు పెళ్లి మొదలుపెట్టి, నీడ పడ్డాక శిఖరాలు గులాబిరంగు తేలే కొద్ది నిమిషాల కోసం కోట్లు వేసుకుని నిలబడటం అన్నిటిలో మధ్యేమార్గం.

చట్టం విషయంలో రెండు దారులున్నాయి: ఎక్కడ ఉంటే అక్కడే ముందుగా రిజిస్టరు పెళ్లి చేసుకుని కొండ మీద ప్రమాణాలు మాత్రం చెప్పుకోవడం, లేదా చట్టబద్ధమైన పెళ్లినే కొండ మీద జరపడం. రెండవదానికి దేశాన్ని బట్టి సుళువూ కష్టమూ ఉంటాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పురోహితుడు గానీ అధికారి గానీ సాక్షులు గానీ లేకుండా జంట తమ పెళ్లిని తామే జరుపుకోవచ్చు. పెళ్లికి ముందు తీసుకునే లైసెన్సు 35 రోజులు చెల్లుతుంది, దానిని సంతకాలతో 63 రోజుల్లోగా తిరిగి అప్పగించాలి. నిజమైన ఏకాంతం కోరేవారికి ఇంతకంటే అనువైన నియమం అరుదు, అయినా అక్కడి రాకీ మౌంటెన్ జాతీయ వనంలో ఇద్దరే నిలబడి పెళ్లి చేసుకోవాలన్నా ముందు పర్మిట్ తీసుకోవాలి. కెనడాలోని ఆల్బర్టాలో లైసెన్సు మూడు నెలలు చెల్లుతుంది, ఇద్దరు వయోజన సాక్షులతో పాటు పెళ్లి జరిపే అధికారం ఉన్నవారొకరు కావాలి. స్కాట్లండులో ఆరుబయట, కొండ మీదనైనా చట్టబద్ధంగా పెళ్లి జరపగల వారు దొరుకుతారు, కానీ పెళ్లికి కనీసం 29 రోజుల ముందే నోటీసు అందాలి. ఫ్రాన్స్‌లో చట్టబద్ధమైన పెళ్లి పురపాలక భవనంలో జరగాలి, ఆ ఊరితో ఇద్దరిలో ఒకరికైనా, లేదా వారి తల్లిదండ్రులలో ఒకరికైనా నివాస సంబంధం ఉండాలి. కనుక షామొనీ కొండల మీద పర్యాటకులు చేసుకునేది ప్రమాణాల వేడుకే. సొంత దేశంలో కాగితాలు పూర్తిచేసుకోవడాన్ని కొందరు మోసంలా భావిస్తారు, ఏది అసలు పెళ్లి అన్న తకరారు వారిని వేధిస్తుంది. తుపాను వల్ల తేదీ రెండు రోజులు జరిగితే చట్టం అడ్డురాకుండా ఉండటమే చలికాలంలో పెద్ద లాభం కనుక, కొలరాడో వంటి చోటికి వెళ్లకపోతే, కాగితాలను ముందే ముగించుకోవడమే మేలు.

కొండ మీదనే సంతకం పెట్టేవారికి చిన్నదే అయినా చెప్పి తీరవలసిన మాట ఒకటుంది. చలికి బాల్‌పెన్నులోని సిరా చిక్కబడి రాయదు; నాలుగు గీతలు గీసినా కాగితం మీద గుంట పడుతుందే తప్ప రంగు రాదు, ఇద్దరూ ఊదుతూ, అరచేతుల్లో రుద్దుతూ, నవ్వుతూ నిలబడతారు. రెండు పెన్నులను ఒంటికి ఆనే లోపలి జేబులో పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు. ఉంగరానిది దీనికి తోబుట్టువు లాంటి చిక్కు: చలికి వేళ్లు సన్నబడతాయి, గదిలో సరిగ్గా పట్టిన ఉంగరం బయట వదులై, గ్లవ్స్ లాగేటప్పుడు జారి మంచులో ఒక చిన్న రంధ్రం చేసుకుని మాయమవుతుంది. ఉంగరాలు మార్చుకునేటప్పుడు కింద ఒక దుప్పటి పరచుకోవడం అందుకే.

ఫొటోగ్రాఫరును ఎంచుకునేటప్పుడు వారి ఫొటోల అందం కంటే ముందు, వారు చలికాలంలో అదే కొండల్లో పనిచేశారా అని అడగాలి. అలవాటు ఉన్నవారికి కొన్ని సంగతులు చెప్పకుండానే తెలుస్తాయి: తెల్లటి మంచును కెమెరా బూడిదరంగుగా చూపకుండా ఎక్స్‌పోజరును, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒకటి నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచాలని, లిథియం బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి కనుక విడివాటిని ఒంటి వెచ్చదనంలో ఉంచాలని, వెచ్చని గదిలోకి వెళ్లే ముందు కెమెరాను సంచిలో మూసిపెట్టకపోతే లెన్సు మీద తేమ పడుతుందని. పూల విషయంలో కూడా ఇదే: కోసిన గులాబీలు గడ్డకట్టి కరిగాక గోధుమరంగుకు తిరుగుతాయి, కాబట్టి ప్రమాణాల వేళ దాకా మూత ఉన్న పెట్టెలో ఉంచాలి, లేదా పచ్చటి సూదాకుల కొమ్మలు, ఎండుపూలు కట్టించుకోవాలి.

ఏ పద్ధతిని ఎంచుకున్నా, పెళ్లికి రెండు రోజుల ముందే అక్కడికి చేరుకోవాలి. ఒకటి ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి, రెండవది వాతావరణం చెడితే వాడుకోవడానికి. అలాగే పెళ్లి తర్వాత కూడా ఒక ఖాళీ రోజు ఉంచుకోవాలి. ముందురోజు సరిగ్గా పెళ్లి గంటకే ఆ చోటికి వెళ్లి, గడియారం చూసుకుంటూ, గ్లవ్స్ తీసి ఇద్దరూ పది నిమిషాలు నిలబడి చూడండి. ఆరవ నిమిషానికి మాట మీద కాకుండా చేతుల మీదికి మనసు పోతే, అక్కడి నుంచి చెట్ల చాటుకో బస దగ్గరికో చోటు మార్చుకోవడానికి ఇంకా ఒక రాత్రి మిగిలే ఉంటుంది.